వస్తుంటే చూసే టీవీ... వెతుక్కుని చూసే టీవీ!

కిందటి వేసవిలో నేనో ఘనకార్యం చేశాను. తెనాలిలో అమ్మ ఇంట్లో కేబుల్ కనెక్షన్ తీయించేశాను.

నా లెక్క నాకుంది మరి! నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. పాత టీవీ తెర మీద ఓ పక్కన పచ్చ గీత వచ్చేసింది. సరే కొత్తది కొనిద్దామని వెళ్లి, గోడకి తగిలించే స్మార్ట్ టీవీ తెచ్చాం. ఇంటర్నెట్ పెట్టించాం. మాకున్న యాప్‌లన్నీ అందులోకి ఎక్కించాం. 'ఇంకా కేబుల్‌కి నెలనెలా డబ్బులెందుకమ్మా? నీ సీరియళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు' అని ఊదరగొట్టేశాను. అమ్మ రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. 'ఇందులో అంకెలేవే?' అంది. నిజమే, దాని మీద అంకెల్లేవు. మైకు బొమ్మ చూపించి, 'నోటితో చెబితే చాలు, అదే వెతికి పెడుతుంది' అని నేర్పించి హైదరాబాద్ రైలెక్కాను.

మూడు వారాల తర్వాత పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. 'అమ్మకి కళ్లు తిరిగాయమ్మా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కంగారేం లేదు, బీపీ ఎక్కువైందట' అన్నారు. తెల్లారేసరికి తెనాలిలో ఉన్నాను. మాత్రల అట్టలు తీసి చూస్తే వారంలో మూడు నాలుగు రోజులు వేసుకోనే లేదు!

'ఇదేంటమ్మా? ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా మర్చిపోలేదు కదా!' అన్నాను. అమ్మ ఏదో తప్పు చేసినదానిలా ముఖం పెట్టింది. 'ఎనిమిదిన్నర సీరియల్ అవగానే వేసుకునేదాన్నే. ఇప్పుడది ఎప్పుడవుతుందో తెలియట్లేదు' అంది.

ఓటీటీలొచ్చాయి కదా, ఇక టీవీ ఛానళ్లు ఉంటాయా పోతాయా... ఈ చర్చ మా ఆఫీసు క్యాంటీన్లో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ప్రతిసారీ నేను 'పోతాయి' అనే వైపే. ఆ రోజు అమ్మ మంచం పక్కన కూర్చున్నాక మాత్రం ఆ ప్రశ్న నాకు మరోలా వినబడింది. పోతే... ఏం పోతుంది?

వీధంతటికీ ఒకటే గడియారం

మన దగ్గర టీవీ మొదట్నుంచీ ఒంటరిగా చూసే వస్తువు కాదు. 1975 ఆగస్టులో 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని, ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో టీవీ కార్యక్రమాలు చూపించారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరికి ఒకటే టీవీ. పొద్దుగూకేసరికి జనమంతా దాని ముందే. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. తర్వాత్తర్వాత వీధికో టీవీ, ఇంటికో టీవీ అయ్యాయి. 'ఫలానా టైముకి అందరూ' అన్న పద్ధతి మాత్రం మారలేదు.

1987 జనవరిలో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మా వీధి మొత్తానికి టీవీ ఉన్న ఇల్లు ఒక్కటేనట. ఆ ఇంటావిడ స్నానం చేసి, టీవీకి బొట్టు పెట్టి, హారతిచ్చాకే స్విచ్ వేసేవారట. హిందీ ముక్క రాని ముసలమ్మలు కూడా ముందు వరసలో కూర్చునేవాళ్లట. కథ తెలిసిందే కదా, భాషతో పనేముంది!

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. తెలుగువాళ్ల ఇంట్లో శుక్రవారం 'చిత్రలహరి' కోసం వారమంతా ఎదురుచూడాల్సిన అవసరం తీరిపోయింది. కొత్త ఎదురుచూపులు మొదలయ్యాయి. మా తరానికి ఆదివారం రాత్రి అంటే 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా నడిచింది. సోమవారం స్కూల్లో మొదటి పీరియడ్ అయ్యేలోపు అందులోని జోకులన్నీ ఒకరికొకరు అప్పజెప్పుకోవాల్సిందే. చూడని వాడు ఆ రోజుకి వెలి! ఇక 'చక్రవాకం', 'మొగలిరేకులు' వచ్చే వేళ మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే కిటికీల్లోంచి ఆ పాట ఎక్కడా తెగకుండా వినిపించేది.

పాలవాడు రావడం, అన్నం వార్చడం, పిల్లల్ని నిద్రపుచ్చడం... ఇంటి పనులన్నీ ఏదో ఒక సీరియల్‌కి ముందో వెనకో జరిగేవి. అమ్మ బీపీ మాత్ర కూడా అలాగే ఎనిమిదిన్నర సీరియల్ పక్కన చేరింది.

కరెంటు పోతే కథా పోయేది!

అలాగని అదంతా బంగారు కాలమేం కాదు. సరిగ్గా హీరోయిన్‌కి నిజం తెలిసే ఎపిసోడ్ రోజే కరెంటు పోయేది. ఇంక అంతే! మర్నాడు ఎవర్నో బతిమాలి కథ చెప్పించుకోవాలి. సీరియల్ టైముకి చుట్టాలొస్తే పైకి నవ్వుతూ లోపల పళ్లు నూరుకోవాలి. ఇంట్లో ఎవరైనా పదో తరగతికొస్తే మార్చి దాకా కేబుల్ కట్! చదివేది ఒకరు, శిక్ష అందరికీ.

అన్నిటికంటే పెద్ద సంగతి రిమోట్. అది ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది. మా ఇంట్లో రాత్రి తొమ్మిదైతే నాన్న వార్తలు పెట్టేవారు. అవతల సినిమా పతాక సన్నివేశంలో ఉన్నా సరే! అమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. సగంలో వదిలేసిన సినిమాలు ఆమెకి ఎన్నున్నాయో నేనెప్పుడూ అడగలేదు.

ఓటీటీ ఈ బాధలన్నీ తీర్చింది. కాదనడానికి లేదు. వంటయ్యాక చూడొచ్చు. ఆపి, పిల్లాడికి అన్నం పెట్టొచ్చి, మళ్లీ అక్కడి నుంచే చూడొచ్చు. రాత్రి డ్యూటీ చేసే నర్సులు, ఐటీ ఉద్యోగులు తమకి కుదిరిన వేళ చూసుకోవచ్చు. ఒకప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లలకి తెలుగు సినిమా కావాలంటే ఎవరో వీడియో క్యాసెట్ తీసుకెళ్లాలి. ఇప్పుడు తెనాలిలో చూసే రోజునే టెక్సాస్‌లోనూ చూస్తున్నారు. సీరియళ్లు కూడా కొన్ని, డబ్బు కట్టినవాళ్లకి టీవీ కంటే ముందే యాప్‌లో వచ్చేస్తున్నాయి. అంటే రాత్రికి అత్తగారు కన్నీళ్లు పెట్టుకోబోయే సంగతి కోడలికి పొద్దున్నే తెలిసిపోతోందన్నమాట!

లెక్కలేమంటున్నాయి?

అంకెలు చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. అమెరికాలో టీవీ తెర మీద జనం ఏం చూస్తున్నారో నీల్సన్ సంస్థ నెలనెలా లెక్క తీస్తుంది. 2022 జులైలో తొలిసారి స్ట్రీమింగ్ వాటా కేబుల్‌ని దాటింది. 2025 మే నాటికి స్ట్రీమింగ్ 44.8 శాతం. మామూలు ఛానళ్లూ, కేబుల్ ఛానళ్లూ కలిపినా అంతకంటే తక్కువే!

మన దగ్గర 2022 జూన్‌లో ఐపీఎల్ ప్రసార హక్కుల వేలం జరిగింది. 2023 నుంచి 2027 దాకా అయిదేళ్లకి. భారత్‌లో టీవీ హక్కులు 23,575 కోట్ల రూపాయలకు పోయాయి. డిజిటల్ హక్కుల రెండు ప్యాకేజీలు కలిపితే 23,758 కోట్లు! క్రికెట్ అంటేనే టీవీ అనుకునే దేశంలో మొబైల్ తెర టీవీ తెరని దాటిన రోజు అది.

నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ కనెక్షన్లు ట్రాయ్ లెక్కల ప్రకారం 2020 ప్రాంతంలో దేశంలో సుమారు 7 కోట్లు. 2025 మార్చి నాటికి అవి 5.7 కోట్లకు తగ్గాయి. అయితే ఇక్కడో మెలిక ఉంది. వదిలేసినవాళ్లంతా యాప్‌లకే పోలేదు. నెలవారీ బిల్లులేని దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి మళ్లినవాళ్లూ చాలామంది ఉన్నారు. ఒకసారి గొడుగు, పెట్టె కొనుక్కుంటే చాలు, ఇంక పైసా కట్టక్కర్లేదు. అంటే ఉన్నవాళ్లు పైకి ఓటీటీకి, లేనివాళ్లు కిందికి ఉచిత టీవీకి పోతుంటే, కేబుల్, డీటీహెచ్‌లు నడుమ నలుగుతున్నాయన్నమాట.

మరి ఛానళ్ల పని అయిపోయినట్టేనా? ఇంకో లెక్క చూడండి. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఆ రోజు యాప్‌లో ఒకే సమయంలో చూసినవాళ్లు గరిష్ఠంగా 5.9 కోట్ల మంది. అప్పటికి అది పెద్ద రికార్డు. అదే మ్యాచ్‌ని టీవీలో ఒకే సమయంలో చూసినవాళ్లు 13 కోట్ల మందని ప్రసారకర్తలు ప్రకటించారు. రెట్టింపు కంటే ఎక్కువ! మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే బాధ.

మైకూ... ఫోనూ

ఇంతమంది ఒకేసారి చూడాలంటే టీవీయే ఎందుకు ముందుంటుంది? కారణం చాలా తేలిక. టీవీ ఛానల్ గుడి మైకులాంటిది. ఒక్కసారి చెబితే ఊరంతటికీ వినిపిస్తుంది. వినేది పదిమందైనా పదివేల మందైనా మైకుకి అదే కరెంటు. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ అంతే. కొత్తగా కోటి గొడుగులు పెట్టినా పైనున్న ఉపగ్రహానికి పైసా అదనపు పనిలేదు.

స్ట్రీమింగ్ అలా కాదు. అది ఊళ్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పడంలాంటిది. మీకోసం ఒక ధార, మీ పక్కింటివాళ్లకోసం ఇంకో ధార. చూసేవాళ్లు పెరిగేకొద్దీ సర్వర్లూ, ఖర్చూ పెరుగుతాయి. పైగా వీడియోని చిన్నచిన్న ముక్కలు చేసి, పంపి, మీ దగ్గర కాసిని పోగయ్యాక చూపిస్తుంది కాబట్టి కాస్త ఆలస్యం. అందుకే పక్కింట్లో టీవీ చూస్తున్నవాళ్లు 'సిక్స్!' అని అరిచాక మన ఫోన్లో బౌలర్ పరుగు మొదలుపెడతాడు.

కనక, ఒకే క్షణంలో కోట్లమంది చూడాల్సినవి... ఆటలు, ఎన్నికల ఫలితాలు, తుపాను వార్తలు... వీటి దగ్గర ఛానల్‌కి ఇంకా బలముంది. శ్రీరామనవమి రోజు భద్రాచలం కల్యాణం ఉంది. దాన్ని 'తీరిగ్గా రాత్రికి చూస్తాన్లే' అని మా అమ్మ అనగా నేను వినలేదు. ముహూర్తానికి చూస్తేనే కల్యాణం!

సినిమాల దగ్గర మాత్రం ఛానల్ ఓడిపోయింది. ఒకప్పుడు 'సంక్రాంతికి మా ఛానల్లో మొట్టమొదటిసారిగా' అని నెల ముందు నుంచే ఊరించేవాళ్లు. ఇప్పుడు చాలా సినిమాలు థియేటర్లో పడిన కొన్ని వారాలకే యాప్‌లో ఉంటున్నాయి. ఛానల్‌కి వచ్చేసరికి వాటిని పిల్లలు రెండుసార్లు చూసేసి ఉంటారు. వెబ్ సిరీస్‌లదీ అదే దారి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' ఉంది కదా, టీవీ పెట్టె చుట్టూ పెరిగిన తరం కథ. ఆ కథ కూడా యాప్‌లోనే వచ్చింది!

ఇల్లా... మనిషా?

ఇక్కడ మనకో భ్రమ ఉంది. ఛానళ్లకీ ఓటీటీలకీ యుద్ధం జరుగుతోందని. ఒకసారి యజమానుల్ని చూడండి. స్టార్ మా, జియోహాట్‌స్టార్ ఒకే గూటివి. జీ తెలుగు, జీ5 అంతే. జెమిని, సన్ నెక్స్ట్ అంతే. ఈటీవీ, ఈటీవీ విన్ అంతే. ఐపీఎల్ టీవీ హక్కులు ఒకరు, డిజిటల్ హక్కులు ఇంకొకరు కొన్నారు కదా, 2024 నవంబరులో ఆ రెండు వ్యాపారాలూ కలిసిపోయి ఒకటయ్యాయి. తెలుగులో పెద్ద యాప్‌లలో ఛానల్ లేకుండా పుట్టింది 2020 ఉగాదికి వచ్చిన 'ఆహా' ఒక్కటే. కాబట్టి ఇది శత్రువుల పోరు కాదు, ఒకే కొట్టుకి రెండు తలుపులు. మనం ఏ తలుపులోంచి వెళ్లినా గల్లాపెట్టె ఒక్కటే.

తేడా అల్లా తలుపుల్లో ఉంది. ఛానల్‌కి కావాల్సింది ఇల్లు. టీఆర్పీ మీటర్లు కొన్ని వేల ఇళ్లలో పెట్టి, ఆ ఇళ్లు ఏం చూస్తున్నాయో లెక్కేసి, దాన్నిబట్టి ప్రకటనలు అమ్ముతారు. అందుకే ఛానల్ వండేది ఇంటిల్లిపాదికీ సరిపడే వంట. కారం తక్కువ, అందరికీ తలా కాస్త. యాప్‌కి కావాల్సింది మనిషి. తెరవగానే 'ఎవరు చూస్తున్నారు?' అని అడుగుతుంది. నాన్నకో బొమ్మ, అమ్మకో బొమ్మ, పిల్లాడికో బొమ్మ. ఎవరు ఏది ఎంతసేపు చూశారో, ఎక్కడ ఆపేశారో దానికి తెలుసు. ఆ మనిషికి నచ్చినదే మళ్లీ మళ్లీ వడ్డిస్తుంది.

ఫలితం ఇంట్లో కనిపిస్తూనే ఉంది. మా ఇంట్లో రాత్రి తొమ్మిదికి మావారు హాల్లో క్రైమ్ సిరీస్, అయిదో తరగతి చదివే మా అబ్బాయి ట్యాబ్‌లో కార్టూన్, నేను మంచం మీద ఫోన్లో ఇంకేదో. చెవుల్లో ఎవరి తీగలు వాళ్లవి. రిమోట్ కోసం గొడవల్లేవు. నిజం చెప్పొద్దూ, మొదట్లో ఇదే సుఖమనిపించింది. కానీ గొడవపడాలంటే కూడా ఒకేచోట కూర్చోవాలి కదా!

'అతడు' చెప్పిన పాఠం

ఒక ఆదివారం రాత్రి ముగ్గురం కలిసి ఏదైనా చూద్దామనుకున్నాం. బిర్యానీ తెప్పించాం. యాప్ తెరిచాం. ఇది చూసేశాం, అది పిల్లాడితో చూసేది కాదు, ఇది మూడు గంటలు, దీనికి సబ్‌టైటిల్స్ చదవాలి... అలా అలా కిందికి జరుపుతూ జరుపుతూ ముప్పావు గంట. బిర్యానీ చల్లారిపోయింది. మా అబ్బాయి సోఫాలోనే నిద్రపోయాడు. ఇలా మీ ఇంట్లో జరగలేదంటే నమ్మను!

ఇప్పుడింకో దృశ్యం. పండక్కి ఊరెళ్లాం. అత్తయ్య వాళ్లింట్లో టీవీ మోగుతోంది. ఛానళ్లు తిప్పుతుంటే 'అతడు' వస్తోంది. 2005 నాటి సినిమా. టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్క లేక, దాని మీద జోకులే పుట్టాయి. ప్రతి డైలాగూ నోటికొచ్చు. అయినా రిమోట్ ఆగిపోయింది. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చున్నాడు. మామయ్య డైలాగు ముందే చెప్పేస్తున్నారు, పిల్లలు నవ్వుతున్నారు, వంటింట్లోంచి 'ఆ సీనొచ్చిందా?' అని కేక. ఆ సినిమా ఎవరికైనా కావాలంటే ఇంటర్నెట్‌లో ఎప్పుడో చూసుకోవచ్చు. ఎవరూ వెతుక్కుని పెట్టుకోరు. వస్తుంటే మాత్రం ఎవరూ తిప్పరు!

నాకు ఈ మొత్తం గొడవకి సమాధానం అక్కడే దొరికింది. మనకి రెండు రకాల ఆకళ్లున్నాయి. ఒకటి, నాకు ఇది చూడాలనుంది. రెండోది, ఏదో ఒకటి వస్తుంటే నలుగురితో కూర్చోవాలనుంది. మొదటి ఆకలికి ఓటీటీని మించింది లేదు. రెండోదానికి అది ఇంకా వండడం నేర్చుకోలేదు.

2020 లాక్‌డౌన్‌లో జరిగింది గుర్తుందా? దూరదర్శన్ మార్చి 28 నుంచి పాత 'రామాయణ్' మళ్లీ వేసింది. చేతిలో ఫోన్లు, వాటి నిండా యాప్‌లు, ఇంట్లోంచి కదిలే పనిలేదు. అయినా జనం మళ్లీ టైము చూసుకుని టీవీ ముందు చేరారు. ఏప్రిల్ 16న ఒక్క ఎపిసోడ్‌ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. బయట మనిషి మొహం చూడలేని రోజుల్లో, 'అందరూ ఇప్పుడిదే చూస్తున్నారు' అన్న ధైర్యం కోసం కూడా చూసి ఉంటారు.

యాప్‌లకీ ఈ సంగతి తెలుసు

చిత్రమేంటంటే, ఛానళ్లని మింగేస్తాయనుకున్న యాప్‌లే ఇప్పుడు ఛానళ్ల దారిలోకి వస్తున్నాయి. 2013లో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి సీజన్ 13 ఎపిసోడ్లూ ఒకే రోజు వదిలితే లోకం ముక్కున వేలేసుకుంది. అదే నెట్‌ఫ్లిక్స్ 2024 నవంబరులో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీని ప్రత్యక్షంగా చూపించింది. 2025 జనవరి నుంచి వారం వారం కుస్తీ పోటీలు చూపించడం మొదలుపెట్టింది. ప్రకటనలుండవు అని మొదలైన అమెజాన్ ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి మన దేశంలోనూ ప్రకటనలొచ్చాయి. ప్రసార భారతి 2024 నవంబరులో 'వేవ్స్' అనే యాప్ తెచ్చింది. అందులో బోలెడు ఛానళ్లు మామూలు టీవీలో వచ్చినట్టే వరసగా వస్తుంటాయి.

తెలుగులోనూ అంతే. 2022లో బిగ్‌బాస్‌ని 'నాన్‌స్టాప్' పేరుతో టీవీలో లేకుండా యాప్‌లోనే నడిపారు. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త సీజన్ మళ్లీ స్టార్ మా మెట్లెక్కింది. ఆహాలో బాలకృష్ణ 'అన్‌స్టాపబుల్' ఎపిసోడ్లు ఒక్కోటీ ప్రకటించిన తేదీకే వచ్చేవి. 2022 డిసెంబరులో ప్రభాస్ వచ్చిన ఎపిసోడ్ రాత్రి జనం తాకిడికి యాప్ మొరాయించింది. ఎప్పుడైనా చూసుకోగలిగిన కార్యక్రమం! తెల్లారి చూస్తే ఏం పోయింది? కానీ అందరూ ఆ క్షణానికే రావాలనుకున్నారు. పక్కవాడి కంటే ఆలస్యంగా నవ్వడం ఎవరికిష్టం?

అందుకే నా లెక్క ఇది. తీగలు మారతాయి. గొడుగులు తగ్గుతాయి. ఇంగ్లిషు సినిమా ఛానళ్లు, పాటల ఛానళ్లలాంటివి చాలా మూతపడొచ్చు. సినిమాలు, కుర్రకారు కథలు యాప్‌లకే పోతాయి. కానీ మన బదులు ఇంకొకరు ఎంచి, ఒక టైముకి, అందరికీ కలిపి వడ్డించే పద్ధతి ఉంది చూశారూ... అది పోదు. రేపు ఇంటర్నెట్‌లోంచి వచ్చినా దాన్ని మనం ఛానల్ అనే అంటాం.

తీసేసే ముందు అడగండి

ఈలోగా నష్టపోయేది ఎవరు? ఈ మార్పుకి అలవాటుపడే ఓపిక లేని పెద్దవాళ్లు. పిల్లలు దూరంగా ఉండి, డబ్బు లెక్కలేసుకుని, వాళ్ల ఇంట్లో కనెక్షన్లు తీసేస్తున్న పెద్దవాళ్లు. నేను చేసిందే చూడండి. నాన్న ఉన్నన్నాళ్లూ రిమోట్ నాన్నదే. అమ్మ చేతికొచ్చి నాలుగేళ్లే అయింది. దాన్ని నేను పట్టుకెళ్లి, అంకెల్లేని ఇంకో రిమోట్ చేతిలో పెట్టొచ్చాను. అదీ మంచి చేస్తున్నాననుకుని!

ఆ రోజు అమ్మని అడిగాను, 'యాప్‌లో సీరియల్ చూడటం రావట్లేదా?' అని. 'వస్తోంది. మైకులో చెబితే వస్తోంది' అంది. 'మరి?' అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. 'రోజూ తొమ్మిదింటికి మీ పెద్దమ్మ ఫోన్ చేసేది. ఇద్దరం సీరియల్ గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడది చేసేసరికి నేను చూసి ఉండను. లేకపోతే రేపటిది కూడా చూసేసి ఉంటాను. ఏం మాట్లాడాలో తెలియక అదీ మానేసింది.'

పెద్దమ్మ ఉండేది విశాఖపట్నంలో. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. కలుసుకుని రెండేళ్లయింది. రోజుకి పది నిమిషాలు ఆ సీరియల్ మీద కలుసుకుంటున్నారన్న సంగతి నాకు తెలియనే తెలియదు. నెలకి మిగిలే కేబుల్ బిల్లు మాత్రం బాగా తెలుసు.

మీరూ కేబుల్ తీయించాలనుకుంటుంటే ముందు ఓ సాయంత్రం అమ్మా నాన్నల పక్కన కూర్చోండి. ఏం చూస్తున్నారని కాదు, దాని చుట్టూ ఏమేం చేస్తున్నారో చూడండి. ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో గమనించండి. కొత్త పద్ధతి పెట్టినా రెండు నెలలు పాతదీ ఉంచండి. అప్పుడు నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

నేను మర్నాడే కేబుల్ అబ్బాయిని పిలిపించాను. పెట్టె మళ్లీ బిగిస్తూ, 'పీకించుకుని మళ్లీ పెట్టించుకునేవాళ్లు మీరొక్కరే కాదులే అక్కా' అని నవ్వాడు. అంకెలున్న రిమోట్ అమ్మ చేతికొచ్చింది. రెండో రిమోట్ కూడా ఆవిడేం పారేయలేదు. మధ్యాహ్నం పూట మైకు నొక్కి, 'ఘంటసాల పాటలు' అంటోందట. చుట్టాలొచ్చి ఎపిసోడ్ పోయిన రోజు యాప్‌లో చూసుకుంటోందట. మేం వాదించుకుంటున్న యుద్ధాన్ని ఆవిడ రెండు రిమోట్లతో తేల్చేసింది.

మా ఇంట్లోనూ ఓ ఛానల్ పెట్టాం. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి. వారానికొకరి వంతు. వంతు ఎవరిదైతే వాళ్లు పెట్టిందే అందరూ చూడాలి. మార్చకూడదు, ఫోన్లు ముట్టకూడదు. మావారి వంతుకి పాత 'అమృతం' యూట్యూబ్‌లోంచి తీసి పెట్టారు. మా అబ్బాయి వంతుకి రెండు గంటలు జపాన్ కార్టూన్ చూశాం. కథ సగమే అర్థమైంది. వాడు నిద్రపోలేదు, అది చాలు.

మొన్న రాత్రి ఈ వ్యాసం గురించి చెబుదామని అమ్మకి ఫోన్ చేశాను. 'మాత్ర వేసుకున్నావా?' అన్నాను. 'ఇంకా టైముందిలేవే' అంది. 'అమ్మా, నీ గురించి రాస్తున్నా పేపర్లో...' అని మొదలుపెట్టానో లేదో, అవతల పాట వినిపించింది. 'ఉంటానే, మొదలైంది. తొమ్మిదింటికి మీ పెద్దమ్మ చేస్తుంది. ఆ తర్వాత చెయ్యి' అని పెట్టేసింది.